పరుపుల ప్రకటన కింద పోయిన షడ్జమం

మా ఊరి రేడియో స్టేషన్ వాళ్లు ఒక సింఫనీ చివర కోసేసి, ఆ చోట పరుపుల ప్రకటన వేశారు. అడిగితే, అక్కడ సంగీతమే లేదన్నారు.

ఎనభైల మొదట్లో, టెక్సస్‌లో. నేను ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. పగలు లేత్ మెషీన్ మీద పని, సాయంత్రం లైబ్రరీ రికార్డులు. అలా అరువు తెచ్చుకున్న చెవి నాది. నా భార్య పదేళ్లు గురువు దగ్గర కూర్చుని వీణ నేర్చింది. ఆ శీతాకాలానికి క్యాన్సర్ ఆమె ఎముకల్లోకి పాకింది. వీణ ఒళ్లో పెట్టుకోలేకపోయేది. వినడం ఒక్కటే మిగిలింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ రష్యన్ సింఫనీ వచ్చింది. రాసినాయన ఇంకా బతికే ఉన్నాడని చెప్పారు. మనిషంత ఎత్తుండే బేస్ వయొలిన్లు అట్టడుగున ఒకే స్వరం పట్టుకున్నాయి. దానిమీద మిగతా వయొలిన్లన్నీ తలో స్వరంలో, తేనెపట్టు కదిలినట్టు. మధ్యలో ఎగతాళిగా ఒక కవాతు పాట, దాన్ని తొక్కేస్తూ ఇత్తడి బూరలు. అడుగు స్వరం ఎప్పుడు పోయిందో పోయింది.

"ఏమండీ, మీ రష్యా ఆయన శ్రుతి పారేసుకున్నాడు."

"ఇప్పటివాళ్లకి శ్రుతేమిటే!"

"మొదట అంతసేపు పట్టుకున్నవాడు వదలడు. చూడండి, ఆ షడ్జమానికే వస్తాడు. రాకపోతే ఈ పాడు జావ మొత్తం తాగేస్తాను."

"వస్తే?"

"మీరు తాగండి."

గోల ఒక్కొక్కటిగా అణిగింది. సన్నటి వయొలిన్ ఒకటి మిగిలి, అదీ ఆగింది. ఆమె చెయ్యెత్తింది, ఊపిరి కూడా తీయొద్దన్నట్టు. అప్పుడు పడ్డాయి పరుపులు.

ఫోన్ చేశాను. "సార్, అక్కడ ఏమీ ప్లే కావడం లేదు. సైలెన్స్ వస్తే యాడ్ వెయ్యాలి, అది రూల్" అందొకమ్మాయి. తంబురా మీటుతుంటే కచేరీ ఇంకా మొదలవలేదనుకునే రకం! ఆ పూట జావ ఇద్దరం తాగలేదు.

ఆ రికార్డు ఏ లైబ్రరీలోనూ దొరకలేదు. పందెం సంగతంతా రాసి స్టేషన్‌కి ఉత్తరం పెట్టాను. జవాబు లేదు. మళ్లీ రాశాను, మూడోసారీ రాశాను. "బావగారూ, గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ ముందు పెట్టుకుని రష్యా పాట కోసం పోరాటమా?" అని పక్క అపార్ట్‌మెంట్ తెలుగాయన నవ్వాడు. ఆమె మాత్రం రోజూ పోస్టు వచ్చే వేళకి అడిగేది, "వచ్చాడా?" అని. పోస్ట్‌మ్యాన్ సంగతి కాదు, ఆ రష్యా ఆయన తన స్వరానికి వచ్చాడా అని. మార్చిలో అడగడం మానేసింది. ఆ నెలాఖరున పోయింది.

నాలుగో ఉత్తరం ఆ తరవాత రాసిందే. అందులోనూ "నా భార్య అడుగుతోంది" అనే రాశాను. మరోలా రాయడానికి చెయ్యి రాలేదు.

జూన్‌లో జవాబొచ్చింది:

"అయ్యా, టేపు మళ్లీ వేసుకుని విన్నాం. అక్కడున్నది నిశ్శబ్దం కాదు. మొదట్లో పట్టుకున్న స్వరాన్నే బేస్‌లు చాలా మెల్లగా, చాలాసేపు వాయించాయి. మా ఆపరేటర్‌కి వినబడలేదు. క్షమించండి. పందెం తనే గెలిచారని మీ భార్యగారితో చెప్పండి."