వాగ్దానాల డబ్బాలో లేని మాట

మా ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా ఇటుకలెన్ని పడతాయో నన్నే అడుగుతారు. నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. గోడకు ఇటుకలు లెక్కగట్టడం, తాడుతో పొలం సెంట్లు తేల్చడం నాకు నేనుగా నేర్చుకున్నవే. అంచేత దేవుని చిత్తం కూడా ఒక పద్ధతి ప్రకారం తెలుసుకోవచ్చనుకున్నాను.

పి.గన్నవరం దాటాక మాకు ఎకరం ఇరవై సెంట్ల చేను ఉంది. దాన్ని రొయ్యల చెరువుకు లీజుకిమ్మని రాజోలు వైపు నుంచి ఒకాయన వచ్చి అడిగారు. వరిమీద మిగిలేదానికి మూడింతలు ముడుతుంది. ఆదివారం లోపల మాట చెప్పమన్నారు. చేనుకు ఆనుకునే మా పిన్నిగారి ఇల్లు. వరసకు పిన్ని, ఒంటరి మనిషి. ఆవిడకున్నవి పదిహేడు కొబ్బరిచెట్లు, ఒక నుయ్యి. పక్కన ఉప్పునీరు నిలబెడితే రెండూ పాడవుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే దేవుణ్ణి అడుగుదామనుకున్నాను.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘంలో బైబిలు మాటలు అచ్చేసిన వాగ్దానం కార్డులు తీస్తారు. కళ్లు మూసుకుని పళ్లెంలోంచి ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి మనకు అదే మాట. పెళ్లయినప్పటి నుంచీ ఇంట్లో అందరికీ వచ్చిన కార్డులు మా ఆవిడ బిస్కెట్ల డబ్బాలో దాచింది. మొత్తం అరవై నాలుగు.

గురువారం సాయంత్రం డబ్బా ముందు మోకరించాను. ప్రార్థన చేసి ఒక కార్డు తీశాను. ముందుకు సాగమన్నట్టుగానే ఉంది. ఒక్కదాన్ని నమ్మి లెక్క తేల్చకూడదు గదా, మరో నాలుగు తీశాను.

మా ఆవిడ గోరుచిక్కుళ్ల పళ్లెంతో వచ్చి కూర్చుంది. “ఏం చేస్తన్నారండీ?”

“ప్రార్థన.”

“ప్రార్థనకి పెన్సిలెందుకండీ?”

ఐదింటికి ఐదూ చెరువు తవ్వమనే వచ్చాయని చూపించాను. ఆవిడ నా కాగితం వంక చూడను కూడా లేదు.

“అరవై నాలుగూ తిరగెయ్యండి. వద్దు అన్నది ఒక్కటి దొరికితే చెప్పండి.”

తిరగేశాను. తోడుంటాననే మాటలు, దీవిస్తాననే మాటలు. వద్దు అన్నది ఒక్కటీ లేదు.

“మంచి మాటలే ఏరి అచ్చేసిన కార్డులండీ అవి. పగిలిన ఇటుకలు ముందే ఏరేసి, మిగతావి లెక్కెట్టి, ఒక్కటీ పగల్లేదన్నట్టుంది మీ వరస.”

నా విద్యతో నన్నే కొట్టింది. “పోనీ, చీట్లు వేస్తే?” అన్నాను.

“ఆయ్, వెయ్యండి. వద్దని వస్తే, మూడుసార్లలో రెండుసార్లు ఏదొస్తే అదంటారు.”

నిజానికి నేను అప్పటికే అలా అనుకుంటున్నాను. చీట్లు వేయలేదు.

శనివారం పొద్దున్న పిన్నిగారు మా గట్టు దగ్గరకు వచ్చారు.

“అబ్బాయ్, ఊరందరి స్థలాలూ కొలుస్తావు. నాకోసారి కొలిచి పెడతావా?”

“ఏం కొలవాలి పిన్నిగారూ?”

“ఈ గట్టు నుంచి నా నూతికి ఎన్నడుగులో చూడు. చెరువు తవ్వుతారంటన్నారు గదా. నుయ్యి అవతలికి మార్పించుకుందావని. ఎంత దూరవైతే ఉప్పెక్కదో నీకు తెలుద్ది.”

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఇటుకలెన్ని పడతాయని అడిగినట్టే అడిగారు. నిష్ఠూరంగా అడిగి ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

తాడు తెచ్చి కొలిచాను. గట్టు నుంచి నూతికి ముప్పై ఎనిమిది అడుగులు. నూతి నుంచి ఆవిడ స్థలం చివరికి నలభై ఆరు. మొత్తం ఎనభై నాలుగు. ఆ మొత్తం రాగానే కూడిక తప్పిందేమోనని మళ్లీ కూడాను. తప్పలేదు. నుయ్యి ఎక్కడికి జరిపినా ఆవిడకున్న స్థలం చాలదు. ఈ ఊళ్లో నేను కొలవని పెరడు లేదు. ఇదొక్కటే మిగిలిపోయింది.

“ఎంతొచ్చిందేంటి?”

“నుయ్యి మార్చక్కర్లేదు పిన్నిగారూ.”

“అయితే ఆ దూరం చాలుద్దా?”

“చాలదండీ. చెరువు తవ్వడం లేదు.”

“ఆయ్,” అని చేద వేసి నీళ్లు తోడి, చెంబు నా చేతికిచ్చారు. తాగాను. తియ్యగా ఉన్నాయి.

రాజోలు ఆయనకు ఆ పూటే ఫోన్‌లో చెప్పేశాను. మా ఆవిడ అంతా విని, “మరి జవాబు ఏ కార్డులో వచ్చిందండీ?” అంది.

“తాడులో వచ్చింది.”

“తాడు లేకపోయినా తెలుసు గదండీ మీకు.”

“తెలుసు. కొలవలేదంతే.”

ఆ ఏడు కోతల ముందు వాన పట్టి సగం చేను పడిపోయింది. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెం నా ముందుకు వచ్చినప్పుడు ఒక్క కార్డే తీశాను. పక్కన కూర్చున్న మా ఆవిడ నా చేతి వంకే చూస్తోంది, రెండోది తీస్తానేమోనని.