పీరాసాబ్ చెయ్యి

దయ్యాలను నేను నమ్మను. "ఇట్లాంటివన్నీ ఈ మాటతోనే మొదలవుతాయిలే" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నమ్మకపోవడం నాకు అలవాటు కాదు, పని. నాలుక మీద కర్పూరం వెలిగించుకొని చూపించినవాణ్ణి. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎట్లా వస్తుందో పరిగి సంతలో నిలబడి చేసి చూపించాను. గాండ్లపెంట వైపు ఒక పల్లెలో, దయ్యం పట్టిందని జనం వదిలేసిన ఇంట్లో మూడు రోజులు కాపురముండి, నాలుగో రోజు అదే ఇంటి గడప మీద కూర్చుని ఉగ్గాని, బజ్జీలు తిన్నాను. ఈ పనిలో రాళ్ల దెబ్బలూ తిన్నాను.

అలాంటి నేను ఇప్పుడు ఒక చెయ్యి గురించి రాస్తున్నాను. పట్టపగలు, బజారు మధ్యలో, టీవీలో చూసిన చెయ్యి.

ముందు ఆ టీవీ సంగతి చెప్పాలి.

తొంభైల మొదట్లో హిందూపురంలో పీరాసాబ్ అని ఒకాయన రేడియోలు, టీవీలు బాగుచేసే అంగడి నడిపేవాడు. మిద్దె మీద డిష్ పెట్టి చుట్టుపక్కల ఇళ్లకు కేబుల్ లాగాడు. అందులో ఒక చానల్ ఖాళీగా ఉంటే, దాన్ని ఊరికే పోనీయడం ఎందుకని రోజూ పొద్దున రెండు మూడు గంటలు ఊరి సంగతులు వేయడం మొదలుపెట్టాడు. చింతపండు ధర, కరెంటు పోయే వేళలు, తప్పిపోయిన బర్రె, బడిపిల్లల నాటకం, పెళ్లి ఊరేగింపు. దానికి ఆయన పేరేమీ పెట్టలేదు. జనమే పీరా టీవీ అన్నారు.

ఆదివారం అరగంట నాకిచ్చాడు. మూఢనమ్మకాల మీద నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకోమన్నాడు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. "నువ్వు దేవుణ్ణి ఏమన్నా అనుకోబ్బా, నా కెమెరాను మాత్రం తన్నాకు" అనేవాడు. ఆవేశంలో నేను కాళ్లూ చేతులూ ఆడిస్తే స్టాండు పడిపోతుందని ఆయన దిగులు.

ఇక చెయ్యి సంగతి. ఒక క్యాసెట్టు అయిపోయి ఇంకొకటి ఎక్కించేలోపు తెర మీద ఏదో ఒకటి కనిపించాలి కదా. పెద్ద చానళ్లు అక్షరాలు వేస్తాయి. పీరాసాబ్ దగ్గర ఆ మిషను లేదు. అందుకని కెమెరా ముందు తన ఎడమ అరచెయ్యి ఎత్తి పట్టుకొని, కుడి చేత్తో క్యాసెట్టు మార్చుకునేవాడు. ఉండండి, ఇప్పుడే వస్తాను అని దానర్థం. ఊరందరికీ ఆ చెయ్యి తెలుసు. పంపుసెట్టు బెల్టులో పడి చూపుడు వేలి కొన తెగిపోయింది. వాచీ డయలు మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకునేవాడు కాబట్టి అరచేతితో పాటు టైమూ కనిపించేది. జనం దాన్ని చూసి గోడ గడియారాలు సరిచేసుకునేవాళ్లు.

ఎన్నికలు వచ్చినప్పుడు దీనికొక గొడవ జరిగింది. చెయ్యి ఒక పార్టీ గుర్తు. అవతలి పార్టీవాళ్లు అంగడి మీదికి వచ్చారు. "ఏమప్పా పీరాసాబూ, దుడ్లు ఎంత ముట్టినాయి నీకు?"

"ఈ చెయ్యి నాకు పుట్టినప్పటి నుంచీ ఉండాది. మీ ఎలక్షను నిన్న వచ్చింది" అన్నాడాయన.

చివరికి ఓట్లు అయ్యేదాకా పిడికిలి చూపించాడు. ఆ నెల ఎర్రజెండావాళ్లు మాత్రం సంబరపడ్డారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఆ చెయ్యి కెమెరా నుంచి నేరుగా కేబుల్లోకి పోయేది. చెయ్యి కనిపిస్తున్నంతసేపూ క్యాసెట్టు మిషను ఖాళీగా ఉండేది. అంటే ఆయన దగ్గర అది ఏనాడూ రికార్డు కాలేదు.

తర్వాత పెనుకొండలోనూ ఒక గది తీసుకొని అక్కడా చానల్ పెట్టాడు. రెండూళ్ల మధ్య తీగ లేదు. ఇక్కడ తయారైన క్యాసెట్టు నకలు పొద్దున బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపడమే. అంతా బాగున్నప్పుడు ఆయన కిడ్నీలు చెడిపోయాయి. చానల్ అమ్మక తప్పలేదు.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నాగరాజప్ప కొన్నాడు. ధర్మవరంలో మూడో గది తెరిచాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, పద్ధతి మాత్రం అదే బస్సు. కొత్త యజమాని మొదట తీసేసింది చెయ్యినే. దాని బదులు నెమలిపింఛం రంగు చీర మీద 'అంతరాయానికి చింతిస్తున్నాము' అన్న అక్షరాలు వచ్చాయి. కెమెరా కూడా అమ్మేసి, చీరలనూ నా ఆదివారం అరగంటనూ బయట ఫొటో స్టూడియోలో తీయించేవాడు. ఏడాది తిరక్కుండానే పీరాసాబ్ పోయాడు.

ఇదంతా జరిగిన ఆరేళ్లకు, నాగరాజప్ప చానల్‌ను ఒక సిటీ కంపెనీకి అమ్ముతున్నాడని తెలిసింది. అప్పుడు పీరాసాబ్ కూతురు మాబున్ని నా దగ్గరకు వచ్చింది. మిషను కుట్టుకుని బతికే మనిషి. వెంట ఐదేళ్ల బిడ్డ.

"అన్నా, మా నాయన ఊళ్లో అందరి పెండ్లిండ్లూ తీసినాడు. ఆయప్పను ఎవురూ తీయలేదు. రేషన్ కార్డులో ఫొటో ఉండాది, అది మనిషో మసిగుడ్డో తెలీదు. పాత క్యాసెట్లలో యాడన్నా ఆయన ఉంటే చూడన్నా. కంపెనీవాళ్లు వస్తే అన్నీ పారేస్తారంట. మొగం లేకపోతే చెయ్యన్నా చాలు. నా బిడ్డకు చూపిచ్చల్ల."

ధర్మవరం పోయాను. నాగరాజప్ప చెడ్డవాడేమీ కాదు. "ఆ క్యాసెట్ల మీద చీరలు ఎక్కించేసినాము కదప్పా!" అని తల పట్టుకున్నాడు. అయినా గది తాళం చేతికిచ్చి వెతుక్కోమన్నాడు. ఒక రోజంతా కూర్చుని ఉన్న ప్రతి క్యాసెట్టూ వేసి చూశాను. అంచు చీరలు, బుటా చీరలు, పెళ్లి చీరలు. మనిషి లేడు, చెయ్యి లేదు. ఇళ్లలో ఎవరైనా రికార్డు చేసుకున్నారేమోనని మాబున్ని హిందూపురంలో తెలిసిన ప్రతి గడపా ఎక్కింది. మధ్యలో వచ్చే చెయ్యిని ఎవరు దాచుకుంటారు?

దొరకలేదని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. లోపలికి పోయి గుడ్డలో చుట్టిన వాచీ తెచ్చింది. "ఆగిపోయి ఎన్నాళ్లో అయింది. ఇదన్నా తిరిగేట్టు చేయించన్నా. బిడ్డకు టైము చూసేది నేర్పిస్తా."

మరుసటి మంగళవారం, పొద్దున పదకొండు కాబోతుండగా, హిందూపురం బజారులో వాచీలు బాగుచేసే రామాచారి అంగడిలో కూర్చున్నాను. చారి కంటికి భూతద్దం తగిలించుకొని వాచీ విప్పాడు. చక్రాలు తెల్ల సాసరులో వేశాడు. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, సెకన్ల ముల్లు తీసి కాగితం మీద పెట్టాడు. మూడూ నా కళ్ల ముందే ఉన్నాయి. మూలన టీవీలో నాగరాజప్ప చీరలు నడుస్తున్నాయి.

చీర పోయింది. చెయ్యి వచ్చింది.

ఎడమ అరచెయ్యి. చూపుడు వేలికి కొన లేదు. మణికట్టు లోపలివైపు వాచీ.

చారి భూతద్దం తీసేశాడు. "ఏందప్పా ఇది... పీరన్న చెయ్యి కదా?"

చారి సాసరు వంక చూసి మళ్లీ టీవీ వంక చూశాడు. "వాచీ ఈడుండాది కదబ్బా! మరి ఆడ తిరిగేదేంది?"

తిరుగుతోంది. సెకన్ల ముల్లు నడుస్తోంది. పదకొండు దాటి పది నిమిషాలు. చారి అంగడి నిండా గోడ గడియారాలే. ఒక్కొక్కటే చూశాను. నడిచేవన్నీ పదకొండూ పదే. పాతబొమ్మ అయితే ఆ క్షణానికి సరిపోయే టైము ఎట్లా చూపిస్తుంది? దారిన పోయేవాళ్లు నలుగురు అంగడి ముందు ఆగిపోయారు. ఒక ముసలాయన మామూలుగా తన చేతి వాచీ సరిచేసుకొని పోతూ నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

రెండు నిమిషాలుంది. చివర చిటికెన వేలు రెండుసార్లు వంగింది. మళ్లీ చీరలు.

నాకు భయం వేయలేదు. నిజం చెప్తున్నాను, ఒంట్లో ఉత్సాహం ఉప్పొంగింది. దొంగ దొరికాడు అనుకున్నాను! ఎవడో బ్రహ్మాండమైన మోసం చేశాడు, వాణ్ణి ఇప్పుడే పట్టుకుంటాను. చెప్పులు చారి అంగడిలోనే వదిలేసి చానల్ గదికి పరుగెత్తాను.

గదిలో ఆపరేటరు గోవిందు ఒక్కడే ఉన్నాడు. టీ గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నాడు, తాగడం లేదు. "నేనేం జేయలేదు సార్. మిషను నడుస్తానే ఉండాది, ఆగలే." నిజమే, సీడీ మిషను మీద అంకెలు ఎక్కడా ఆగకుండా నడుస్తున్నాయి. కెమెరా లేదు. బల్ల కింద చూశాను, తీగలన్నీ చేత్తో తడిమాను, మిద్దె ఎక్కి చూశాను. ఎవడో దారిలో తీగ తెంచి బొమ్మ ఎక్కించాడనుకున్నాను. ఎక్కడా కొత్త అతుకు లేదు. సీడీ మొదటి నుంచి వేసి చూశాం. చీరలే.

ఫోను మోగింది. ధర్మవరం నుంచి నాగరాజప్ప. అరుస్తున్నాడు. "ఎవుడప్పా ఆ చెయ్యి పెట్టినోడు? కొనేవాళ్లు నా ఎదురుగా కూర్చోనుండారు! ఈ పొద్దే చూపించాల్నా చెయ్యి?"

హిందూపురం తీగ ధర్మవరం పోదు. "మీకు పంపిన సీడీలో ఉందేమో" అన్నాను ఆశగా.

"యాడ సీడీ? బస్సే రాలేదింకా! నిన్నటిది నడుస్తాండాది ఈడ."

పెనుకొండకు ఫోను చేశాను. అక్కడా చెయ్యి. అక్కడా పదకొండూ పది.

మూడు ఊళ్లు, మూడు మిషన్లు, మధ్య తీగ లేదు. ఒకచోట ఆ రోజు సీడీ, ఒకచోట ముందురోజుది. ఎవరైనా దీన్ని మోసంగా చేసి చూపిస్తే వాళ్ల కాళ్లకు దండం పెడతానని ఆ తర్వాత సభల్లో ఎన్నోసార్లు అన్నాను. ఇప్పటికీ అంటున్నాను.

అక్కడి నుంచి మాబున్ని ఇంటికి పోయాను. మనసులో ఒకటే బెంగ. ఆమె చూసిందా? ఇన్నాళ్లు వెతికిన మనిషి, ఆ రెండు నిమిషాలు కుట్టుమిషను ముందు తల వంచుకొని ఉండిపోయిందేమో!

తలుపు తీసే ఉంది. టీవీ ముందు చాప పరిచి, పళ్లెంలో రాగి సంగటి ముద్ద, పక్కన అన్నం, పప్పు వడ్డించి ఉంది. చెంబుతో నీళ్లు. పళ్లేనికి అవతల తల్లీబిడ్డా కూర్చుని ఉన్నారు. ఎవరూ తినడం లేదు.

నన్ను చూడగానే ఆమె లేచింది. "అన్నా, నువ్వు చూసినావా?"

"చూశానమ్మా."

"చివర్లో ఏమైనా అయిందా?"

ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థం కాలేదు. చిటికెన వేలు వంగిందని చెప్పాను.

"ఎన్నితూర్లు?"

"రెండు."

ఆమె గోడకు ఆనుకొని అట్లాగే కిందికి జారి కూర్చుంది. తర్వాత చెప్పుకొచ్చింది. బడికి పోయే రోజుల్లో తల్లి లేని ఇంట్లో వంట ఆమెదేనట. సెలవు రోజుల్లో ఆమె టీవీ ముందు కూర్చుంటే, తండ్రి ఆఖరు క్యాసెట్టు మార్చేటప్పుడు చిటికెన వేలు రెండుసార్లు వంచేవాడట. అన్నం పెట్టు, వస్తాండా అని. అది వాళ్లిద్దరి మధ్య ఆట. ఊరంతా చూసే చేతిలో తనకొక్కదానికే ఒక మాట. "ఇంతవరకు ఎవురికీ చెప్పలేదన్నా. నా మొగునిక్కూడా. నా కండ్లు మోసం చేసినాయేమో అనుకున్యా. నువ్వు ఏదీ నమ్మనోనివి. నువ్వు కూడా చూసినావంటే ఇంక సాలు."

నా జీవితంలో నేను చాలామంది చేత సాక్ష్యం చెప్పించాను, వాళ్లను తికమకపెట్టి ఆ సాక్ష్యాన్ని విరగ్గొట్టాను. ఆ రోజు సాక్షిని నేను. నన్ను నేను ఎన్ని ప్రశ్నలు వేసుకున్నా ఆ వేలు రెండుసార్లు వంగింది.

ఆ ఆదివారం నా కార్యక్రమంలో జరిగినదంతా చెప్పి, "చూశాను, ఎట్లా జరిగిందో తెలియదు" అన్నాను. చిటికెన వేలి సంగతి మాత్రం అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు మాబున్ని రాసుకోమంది కాబట్టి రాస్తున్నాను. మర్నాడే ఒక స్వామి మనుషులు పూలదండతో వచ్చారు, ఇన్నాళ్లకు దారికి వచ్చానని. దండ తీసుకొని గేదెకు వేశాను. తెలియదు అనడమంటే దయ్యం ఉందనడం కాదు. తెలియనిదాన్ని తెలియదనే ధైర్యం నాకుంది. వాళ్లకు లేదు.

చానల్ అమ్ముడుపోయింది. కంపెనీ దాన్ని ఇంకో కంపెనీకి అమ్మింది. మూడూళ్ల గదులకూ తాళాలు పడ్డాయి. ఆ చానల్ నంబరు నొక్కితే ఇప్పుడు ఎవరో దూరపు ఊరివాళ్లు గిన్నెలు అమ్ముతుంటారు. వాచీని రామాచారి బాగుచేశాడు. మాబున్ని దాన్ని డయలు లోపలికి తిప్పి కట్టుకుంటుంది.

చెయ్యి కనిపించిన ఆ పొద్దు, మాబున్ని ఇంట్లో నేను లేవబోతుంటే ఆమె ఆపింది. "పెట్టిన అన్నం పారేయకూడదన్నా. నువ్వు తిను."

కూర్చున్నాను. సంగటి చల్లారిపోయింది. ఆ బిడ్డ నా ఎదురుగా కూర్చుని, తన చిటికెన వేలిని వంచడం నేర్చుకుంటోంది. మిగతా వేళ్లు కదలకుండా అదొక్కటే వంచడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది నాకు. తింటూ తింటూ నేనూ వంచి చూశాను. రాలేదు.