కాలు ఆనని బండి

పాత డర్ట్ బైక్ కోసం ఆరు ఆదివారాలు తిరిగాను. పురసవాక్కంలో చూసినదానికి ఇంజన్ లేదు. సౌకార్‌పేట సందులో చూసినదానికి ఇంజన్ ఉంది, అమ్మాలన్న ఉద్దేశం మాత్రం ఓనరుకి లేదు. ధర ఎంత పలుకుతుందో తెలుసుకుందామని ఊరికే ప్రకటన పెట్టాడట. వారమంతా ఆఫీసులో వంగిన నడుము ఆటోల్లో ఇంకా వంగింది.

ఇదంతా మా అమ్మాయి కోసం. అప్పుడు దానికి పదేళ్ళు. ఊరి బయట మట్టి ట్రాక్‌లో మూడు నెలలు అద్దె బండి మీద నేర్చుకుంది. ఇక అద్దెకివ్వం, సొంత బండి ఉంటేనే రండి అన్నారు అక్కడి కోచ్. అప్పటినుంచి అది రోజూ హెల్మెట్ తుడిచి తలుపు పక్కన పెట్టేది. నాకేమీ చెప్పేది కాదు, పెట్టేదంతే.

ఆరో ఆదివారం తిరువొత్తియూరు వెళ్ళాం. తాతల నాటి నుంచి అక్కడే తమిళుల మధ్య ఉన్న తెలుగాయన. పిల్లలు పెద్దవాళ్ళయ్యారని రెండు బండ్లు అమ్మకానికి పెట్టాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మా అమ్మాయి చిన్నదాని మీద కూర్చుంది. రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనాయి. పెద్దదాని మీద బొటనవేలి కొస మాత్రమే తగిలింది.

"చిన్నది ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగాను.

"ఒక సంవత్సరం వస్తుందిమా. ఆమేల పాపకి సరిపోదు."

"అయితే పెద్దదే ఇవ్వండి. ఎదిగే పిల్ల."

ఆయన ఒప్పుకోలేదు. "బండి గౌను కాదుమా, మడతేసి కుట్టేదానికి. కాలు ఆనకపోతే ఆడ ట్రాకులో ఎట్ట నిలబెడుతుంది? ఇప్పుడు నడిపేది తీసుకోండి."

నాకు కోపం వచ్చింది. నేను పెరిగిందే మడతల్లో. మా అమ్మ నా లంగాలకి అడుగున రెండు టక్కులు వేయించేది, ఏడాదికొకటి విప్పేవాళ్ళం. విప్పిన చోట గుడ్డ కొత్తగా, మిగతాదంతా వెలిసిపోయి ఉండేది. అయినా అదే తెలివైన పద్ధతని నమ్ముతూ వచ్చాను. పైగా ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇలా వీధులు పట్టుకు తిరిగే ఓపిక నాకు లేదు. నిజం చెప్పాలంటే అసలు కారణం అదే.

"నీకు ఇష్టమేనా?" అంటే అమ్మాయి చిన్న బండి వైపు చూసి తల ఊపింది. ఆ ఊపడం నాకు అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

పెద్దదే కొన్నాను. మరుసటి వారం ట్రాక్‌లో బండి ఆపబోయి రెండుసార్లు పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. కాలు ఆనాక తీసుకురండి మేడమ్ అన్నారు కోచ్. బండి మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పాత దుప్పటి కిందికి చేరింది.

మొదట్లో ప్రతి ఆదివారం దుప్పటి తీసి ఎక్కేది. పాదానికీ నేలకీ మధ్య ఎంత సందుందో నన్ను వంగి చూడమనేది. తర్వాత నెలకోసారి ఎక్కింది. ఆ తర్వాత నేనే గుర్తు చేయాల్సి వచ్చింది.

మొన్న వేసవి సెలవుల్లో బలవంతాన కిందికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. రెండు మడమలూ ఆనాయి. నాకు ఎంత సంతోషమైందంటే అక్కడికక్కడే కోచ్‌కి ఫోన్ చేయబోయాను.

"వద్దమ్మా," అంది దిగుతూ. "అప్పుడు నడపాలని ఉండేది. ఇప్పుడు అంత లేదు."

అలిగి అన్న మాట కాదు. అలిగి ఉంటే బతిమాలుకునేదాన్ని. నా మొహం చూసి, "నువ్వేం బాధపడకు, అమ్మేద్దాంలే," అని నా చెయ్యి నిమిరి పైకి వెళ్ళిపోయింది.

దుప్పటి కప్పే ఓపిక కూడా లేక ఆ బండి మీదే కాసేపు కూర్చున్నాను. నా కాళ్ళు నేలకి బాగానే ఆనాయి.