లోపలి గడియ

వీధిలో అందరూ ఆయన్ని తాళాల మేస్త్రి అంటారు. దుకాణం మూసేసి చాలాకాలమైనా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఎవరింటి తాళం మొరాయించినా ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు. పని కాగానే వెళ్ళిపోతారు. ఊరికే కూర్చుని మాట్లాడదామని వచ్చేవాళ్ళు లేరు.

భార్య పోయాక కూతురు తన దగ్గరికి రమ్మని పోరింది. "కాళ్ళు ఆడినన్నాళ్ళు నా గదిలోనే ఉంటానమ్మా" అన్నాడు మేస్త్రి. అందుకే కాళ్ళని పనిముట్లంత జాగ్రత్తగా చూసుకునేవాడు. తెల్లారగానే మెట్లు దిగి వీధి చివరిదాకా నడక. వచ్చాక కుర్చీ పట్టుకుని లేవడం, కూర్చోవడం. వాడని ఆకురాయి తుప్పు పడుతుందని ఆయనకొకరు చెప్పక్కర్లేదు. వంటా తనదే, ఉతుకూ తనదే. ఒంటరివాడని ఎవడైనా కన్నేస్తాడేమోనని తలుపుకి లోపలివైపు మూడు గడియలు సొంతంగా చేసి బిగించుకున్నాడు.

ఒకరోజు పొద్దున స్నానాలగదిలో సబ్బునీళ్ళమీద కాలు జారింది. నడుము కలుక్కుమంది. లేవలేక పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. బయట పాలవాడు పిలిచాడు.

"తాతా! ఓ తాతా! పాలు!"

"పడ్డానయ్యా!" అని అరిచాడు. ఆ గొంతు గది దాటలేదు. పాలవాడి చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

విన్నా వాడేం చేస్తాడు? ఆ గడియలు ఎవడు తన్నినా పగలవు. ఈ వీధిలో తలుపు తెరుచుకోకపోతే జనం పరుగెత్తుకెళ్ళేది తాళాల మేస్త్రి కోసమే. అది తట్టగానే అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆ వెనకే భయమేసింది.

బరువైన ఇనప్పెట్టెని ఒంటరిగా లేపాల్సొస్తే ఆయన ఒక మూల ఎత్తి కింద చెక్క దోపి, తర్వాత రెండో మూల ఎత్తేవాడు. ఒంటినీ అలాగే లేపాడు. పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళమీదికొచ్చి, బకెట్టు బోర్లించి దానిమీద మోచెయ్యి ఆన్చి, ఆగి, ఊపిరి తీసుకుని, మెల్లగా పీటమీదికి చేరాడు. ఎముకలేవీ విరగలేదు.

మధ్యాహ్నం కూర్చుని గడియలన్నీ ఊడదీశాడు. బయటినుంచి కూడా తెరుచుకునే తాళం బిగించాడు. రెండో తాళంచెవి కోసి, అంచులు నున్నగా రుద్దాడు. చిక్కంతా అప్పుడు తెలిసింది. ఇది ఎవరికివ్వాలి? కూతురుండేది వేరే ఊళ్ళో. సాయంత్రాలు చదరంగానికొచ్చే స్నేహితుడు పోయాడు. ఎన్ని ఇళ్ళకో తాళంచెవులు చేసిచ్చిన మనిషి ఆ ఒక్కటీ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

చివరికి ఎదురుగది తలుపు తట్టాడు. అందులో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది, ఆయనలాగే ఒక్కతే.

"ఏంటన్నయ్యగారూ, దారి తప్పారా? మెట్లమీద ఎదురైతే గోడవంక చూస్తూ పోయేవాళ్ళు!"

"ఇది మా తాళంచెవి. పొద్దున నేను పాలు తీసుకోకపోతే, కాస్త తలుపు తీసి..."

"పడ్డారా?"

"జారాను."

"జారి ఎక్కడ ఆగారు? నేలమీదేగా? ఇటివ్వండి."

తాళంచెవిని మేకుకి తగిలించి ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. కూర్చోమంటే కూర్చునేవాడే. ఆవిడ అనలేదు. వచ్చేశాడు.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. దాచేద్దామనుకున్నాడు కానీ, పరాయి మనిషికి చెప్పింది కన్నకూతురికి దాచడం పద్ధతిగా తోచలేదు. చెప్పేశాడు.

"ఇంక నీ మాట వినను నాన్నా. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను."

"ఎదురుగదావిడకి తాళంచెవి ఇచ్చానమ్మా. నేను పాలు తీసుకోకపోతే తలుపు తీసి చూస్తుంది."

కూతురు కాస్త తగ్గింది. "సరే, ఆవిడతో మాట్లాడాకే ఏదైనా. నంబరివ్వు."

"నా దగ్గర లేదు."

"పోనీ, పేరేంటి?"

"బట్టలు కుడుతుందమ్మా."

"ఎన్నాళ్ళనించి ఉంటోంది అక్కడ?"

"మీ అమ్మ ఉన్నప్పట్నించీ."

"ఇన్నేళ్ళూ పేరైనా అడగలేదా నాన్నా? ఇలా అయితే నిన్ను అక్కడ ఎలా వదలను? కనుక్కుని ఫోన్ చెయ్యి."

మేస్త్రి చొక్కా తొడుక్కుని మళ్ళీ ఎదురుగది ముందుకెళ్ళాడు. లోపల మిషను గలగలా నడుస్తోంది. కుట్టు సగంలో ఉన్న మనిషిని లేపకూడదు. ఎత్తిన చెయ్యి దించేసి, గోడకి ఆనుకుని, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు.