బొజ్జన్నకొండ మీద కనుమ రాళ్లు

1943 ఎండాకాలంలో నన్ను అనకాపల్లి దగ్గర శంకరం ఊరి బొజ్జన్నకొండకి చౌకీదారుగా వేశారు. పురాతన కట్టడాలు కాసే కొలువుల్లో అన్నిటికన్నా కింది మెట్టు అది. నా పైన అసిస్టెంటుగారు, ఆయన పైన మద్రాసులో సూపరింటెండెంటు. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. చదువు నలభై దాటాక వచ్చింది, ఆ కథ వేరు.

కొండ నెత్తిన ఇటుకల స్తూపం, దాని కింద రాతిలో తొలిచిన గుహలు, ఒక గుహ వాకిలి మీద కూర్చున్న బుద్ధుడు. ఇటుకల సందుల్లో మొలిచిన గడ్డిని గునపం పెట్టకుండా, తడి ఉన్నప్పుడే వేళ్లతో పీకాలి. లేకపోతే వేరుతో పాటు ఇటుకా ఊడుతుంది. రాలిన ఇటుకని బయటికి పోనివ్వకుండా అక్కడే పేర్చాలి. ఇవన్నీ తేలిక. కష్టమంతా కనుమ నాడు.

చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఆ బుద్ధుడు భూతం. కనుమ నాడు వచ్చి రాళ్లతో కొడితే ఏడాదంతా గొడ్డూ గోదా చల్లగా ఉంటాయని నమ్మకం. పక్క కొండ మీది చిన్న చిన్న రాతి స్తూపాలని మాత్రం లింగాలనుకుని దండం పెట్టేవాళ్లు. రాయి దొరక్కపోతే స్తూపం ఇటుకే తీసి విసిరేవాళ్లు. ఆయన ఇటుకలతో ఆయన్నే కొట్టడమన్నమాట.

మొదటి కనుమకి ముళ్లకంప అడ్డం వేసి, కర్ర పట్టుకుని నిలబడ్డాను. రాళ్లు నా నెత్తి మీదుగా పోయాయి. బుద్ధుడి మోకాలి దగ్గర పెచ్చు లేచింది. అసిస్టెంటుగారు వచ్చి ఆ దెబ్బని వేలితో తడిమి, వచ్చే కనుమకి కొత్త దెబ్బ కనబడితే నా చోట ఇంకొకణ్ణి వేయమని రాస్తానన్నారు. బియ్యం దొరకని యుద్ధపు రోజులు. ఆ కొలువు పోతే నాకు ఇంకోటి లేదు.

మొదటి రాయి వేసే హక్కు ఊళ్లో పైడయ్య మామది. కోతలయ్యాక ఆయన కళ్లానికి వెళ్లాను.

"మామా, మీ తాత కొట్టేడు, మీ అయ్య కొట్టేడు. భూతం ఎప్పుడైనా పడిందా?"

"పడిపోతే మళ్లీ ఏడు కొట్టడానికేటుంటాదిరా?"

"కదలందాన్ని కొట్టడం ఏటి గొప్ప? నీ సెయ్యి వాలిపోనాదని కుర్రోళ్లు నవ్వుతన్నారు."

"ఎవడ్రా నవ్వింది?"

"గురి సూపించు మరి. పడేదాన్ని నేను నిలబెడతాను. పొట్ట పగిలి నెత్తురు కారతాది."

కొండ వైపు ఓసారి చూసి, "పాత భూతానికి కోపమొత్తే?" అన్నాడు.

"దాని కాపలా నాది. కోపం నామీదే సూపిత్తాది."

"నీకేటైనా అయితే నన్నడక్కు, అల్లుడా" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

కట్టడం చుట్టూ సర్కారు పాతిన సరిహద్దు రాళ్ల లోపల మేకు కూడా పాతకూడదు. అందుకని ఆ రాళ్లకి బయట, దిగువన, తాటిమొద్దుకి గడ్డి చుట్టి భూతాన్ని కట్టాను. పొట్టకి కుమ్మరివాళ్లు పారేసిన వంకర కుండ. అందులో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్లు. రాలిన ఇటుకలన్నీ ముందే గుహలోకి చేర్చి ముళ్లకంప అడ్డం పెట్టేశాను.

కనుమ నాడు జనం అలవాటు చొప్పున పైకే నడిచారు. పైడయ్య మామ మాత్రం మలుపులో ఆగి, దిగువకి తిరిగి రాయి వేశాడు. తప్పింది.

"మామా, భూతం నిన్ను సూసి పళ్లికిలిత్తంది" అని ఎవరో అరిచారు.

రెండో రాయికి కుండ భళ్లున పగిలింది. ఎర్రనీళ్లు గడ్డి మీంచి కారాయి. జనం హోరుమన్నారు. వెనక్కి తిరిగి, ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ దిగొచ్చారు. నేను మిగతా వంకర కుండలు ఒకదాని తరవాత ఒకటి కడుతూనే ఉన్నాను. పొద్దు వాలేసరికి తాటిమొద్దు ఒరిగింది. దాని చుట్టూ డప్పులు మోగాయి. పైకి ఒక్క రాయి పోలేదు.

మర్నాడు అసిస్టెంటుగారు వచ్చి బుద్ధుణ్ణి మోకాళ్ల నుంచి చెవుల దాకా తడిమి చూశారు. తాటిమొద్దు సరిహద్దు లోపల పాతావా అని అడిగారు. తీసుకెళ్లి సరిహద్దు రాయి చూపించాను. కొత్త దెబ్బ లేదని రాసుకున్నారు. ఆ ఏడే నా కొలువు పర్మనెంటయింది.

అలవాటుకి అడ్డం నిలబడితే అది మన మీంచి దూకిపోతుంది. వేరే చోటు చూపిస్తే అక్కడికి నడుస్తుంది. ఆ తరవాత నన్ను ఏ కొండకి వేసినా ముందు ఊరి పెద్ద ఇంటికి వెళ్లి, పండగ నాడు ఇక్కడేం చేస్తారని అడిగేవాణ్ణి. కట్టడం ఎలా ఉందో ఆ తరవాతే చూసుకునేవాణ్ణి.