క్షమాపణల యల్లమందగారు

నరసరావుపేటలో ‘పల్నాటి కబురు’ అనే వారపత్రిక నడిపిన యల్లమందగారికి తప్పు ఒప్పుకోవడమంటే మహా ఇష్టం. కొందరికి కాఫీ, కొందరికి చీట్లపేక, ఆయనకు క్షమాపణ. వారం వారం మొదటి పేజీ నిండా ‘సవరణలు’ వేసి, మిగిలిన చోట వార్తలు సర్దేవారు. పంతొమ్మిదివందల యాభై ఏడు నుంచి ఆరేళ్ళు నేను ఆయన దగ్గర ఉపసంపాదకుణ్ణి. అంటే ప్రూఫులు దిద్దేవాణ్ణి, చిరునామాలు అంటించేవాణ్ణి, ఆయన క్షమాపణ చెబుతుంటే పక్కన నిలబడి తల వంచుకునేవాణ్ణి.

పిడుగురాళ్ళలో గాలివానకు వేపచెట్టు కూలిందని రాశాం. కూలింది వేప కాదు, తుమ్మ అని ఎవరో కార్డు రాశారు. మరుసటి వారం అర కాలమ్ క్షమాపణ. పాఠకులకు, కార్డు రాసినాయనకు, చెట్టు తాలూకు ఆసామికి, ఆఖరికి నిక్షేపంగా నిలబడి ఉన్న వేపచెట్టుకు కూడా.

గురజాలలో ఒక పెళ్ళికి మూడువందల మంది వచ్చారని వేశాం. పెళ్ళికూతురి తండ్రి ఆదినారాయణ వచ్చి, లేచిన విస్తళ్ళు నాలుగువందలని తగువు పెట్టుకున్నాడు. లెక్కలోకి రాని ఆ వందమంది పేర్లూ చెప్పమని యల్లమందగారు కాగితం తీశారు, ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పుకోవడానికి. ఆదినారాయణ దండం పెట్టి బస్సెక్కాడు.

ఒకసారి వాన పడుతుందని రాస్తే రైతులు కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎత్తేసుకున్నారు. చినుకు రాలలేదు. క్షమాపణ వేశాం. ఆ సంచిక ఊళ్ళకు చేరిన రోజునే కుండపోత. ఆ పైవారం, ముందువారం క్షమాపణ చెప్పినందుకు క్షమాపణ వేశాం.

ఇంకో వారం ఎంత వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. ఆయనకు అన్నం సహించలేదు. సరిగ్గా చూశావా అని నన్ను నాలుగుసార్లు అడిగారు. చివరికి ‘ఈ వారం సవరణలు లేనందుకు చింతిస్తున్నాము’ అని వేసుకుని కుదుటపడ్డారు.

దీనివల్ల ఊళ్ళో ఒక చిత్రమైన అలవాటు పాతుకుపోయింది. వార్తలు ఎవరూ చదివేవారు కాదు. సవరణ చదివి, ఓహో, పోయినవారం వార్త ఇదన్నమాట అనుకుని తృప్తిపడేవారు. ప్రూఫులు దిద్దేవాణ్ణి గనక నాకిది కడుపుమంటగా ఉండేది.

అరవై ఒకటిలో ఆరోగ్యమ్మ మీద పుకారు పుట్టింది. ఆవిడ చిన్నబడిలో పద్నాలుగేళ్ళుగా టీచరు. బడి పిల్లలకు కలిపి పోయడానికి అమెరికా సాయంగా పంపిన పాలపొడిని కాఫీ హోటలుకు అమ్ముకుంటోందని ఊరంతా గుసగుసలు. సోమవారం బడి కమిటీ కూర్చుంటుందని, ఆవిణ్ణి తీసేస్తారని కూడా తేలిపోయింది. శుక్రవారం పొద్దున ఆవిడ మా ఆఫీసుకొచ్చింది.

“నా మీద ఎవరన్నా కాయితం పెడితే జవాబు చెప్పుకుందును అన్నయ్యగారూ. గాలికి ఏం చెప్పను?” అంది.

యల్లమందగారు గ్లాసు చేతబట్టుకుని ఆవిడ వెంటే బడికి వెళ్ళారు. రెండో తరగతి పిల్లల వరసలో నేలమీద కూర్చుని పాలు తాగారు. డబ్బాలన్నీ చూశారు. హోటలుకూ వెళ్ళారు. అక్కడ జనం చూసి అనుమానించిన పాలపొడి డబ్బాలు, చక్కెర పోసుకోవడానికి హోటలువాడు పాతసామాన్లవాడి దగ్గర కొన్న ఖాళీవి. మీసాల నిండా నురగతో తిరిగొచ్చి, పాలు చిక్కగానే ఉన్నాయని చెప్పి రాయడానికి కూర్చున్నారు.

ఆవిడ తరఫున ఘాటైన సంపాదకీయం వస్తుందనుకున్నాను. శనివారం మొదటి పేజీలో వచ్చింది ఇది: ‘ఆరోగ్యమ్మగారు పాలపొడి అమ్ముకుంటున్నారని పోయిన సంచికలో మేము రాసినది పచ్చి అబద్ధం. స్వయంగా వెళ్ళి విచారించాం. ఆవిడకూ పిల్లలకూ క్షమాపణలు.’

నాకు మతిపోయింది. పోయిన సంచిక తీసి ఆయన ముందు పెట్టాను. అందులో ఆరోగ్యమ్మ ఊసే లేదు.

“నాకు తెలవదా ఏంది?” అన్నారు. “పుకారు యాడ పుట్టిందో తెలవకపోతే యాడని చంపుతాం అబ్బాయ్? మనమే కన్నామంటే మనమే చంపొచ్చు. జనం నన్ను తిట్టుకుంటా ఆమెను వదిలేస్తారు.”

అచ్చం అలాగే జరిగింది. సోమవారం కమిటీ, టీచరమ్మను ఉంచాలనీ ‘పల్నాటి కబురు’ను తీవ్రంగా ఖండించాలనీ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని యల్లమందగారు సంతోషంగా మొదటి పేజీలో వేశారు. దాని ప్రూఫు నేను రెండుసార్లు దిద్దాను.

ఆరోగ్యమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. “మీరు నా మీద ఏమీ రాయలేదు గదా అన్నయ్యగారూ” అంది. మా పత్రికను చివరిదాకా చదివే పాఠకురాలు ఒకరున్నారని నాకప్పుడు తెలిసింది.

“పైకి అనమాక అమ్మాయ్” అన్నారు ఆయన, కంగారుగా.

ఆవిడ వెళ్ళీ వెళ్ళగానే సోడాకొట్టు బసవయ్య ఊగిపోతూ వచ్చాడు. పాలపొడి సంగతి బస్టాండులో నలుగురికీ పంచిపెట్టినవాడు ఇతగాడే.

“బంగారంలాంటి ఆడమనిషి మీద అట్టా రాస్తారా ఎడిటరుగారూ? పోయినవారం మీ పేపర్లో నా రెండు కళ్ళతో చదివినప్పుడే అనుకున్నా, ఇది అబద్ధమని” అన్నాడు.

బసవయ్యకు అక్షరం ముక్క రాదు. సంతకానికి వేలిముద్ర వేస్తాడు. నేను నోరు తెరవబోయేసరికి యల్లమందగారు బల్లకింద నా కాలు తొక్కి, లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి బసవయ్యకు క్షమాపణ చెప్పుకున్నారు. అంత ఆనందంగా ఆయన క్షమాపణ చెప్పడం నేను మళ్ళీ చూడలేదు.