సొరకాయ బుర్రలో గులకరాళ్లు

నేను కొత్తగూడెంలో ఒక దవాఖానాలో పుండ్లకు కట్లు కట్టే నర్సును. దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న మా ఊళ్లో నర్సు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఈ మాట అవసరం ఉన్నా లేకపోయినా చెప్తాను. చెప్పుకుంటే తప్పేంటి?

ఒక వానాకాలం, దర్జీ పని చేసే ఒక చాచా రోజూ కట్టు కోసం వచ్చేవాడు. షుగరు జబ్బు, కుడి పాదానికి పుండు. పుండు మీద సన్నగా మెరిసే జిగురు పొర. గీకబోతే రక్తం వచ్చేది. చాచా బెదిరిపోయేవాడు. "వద్దు బేటీ, కొత్త తోలు వస్తున్నది గదా!" అనేవాడు. నాకూ చెయ్యి ఆడేది కాదు. పైపైన తుడిచి, మందు పోసి కట్టేదాన్ని. మూడు వారాలకు డాక్టరమ్మ చూసి, "ఇంకో వారం చూస్తా. తగ్గకపోతే పాదం తీసెయ్యాల్సిందే" అంది.

కుట్టుమిషను తొక్కే పాదం అది! చాచా కాలి వంకే చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చీవాట్లు పెట్టింది. "అది తోలు కాదు, బాక్టీరియా కట్టుకున్న గూడు. ఒక్కొక్కటీ ఏదో రసాయనం వదులుతుంటుంది. గుంపు పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. మనం చాలామందిమి అయ్యామని వాటికి అట్లా తెలుస్తుంది. అప్పుడన్నీ కలిసి జిగురు కప్పుకుంటాయి. నువ్వు పోసే మందు అడుగుదాకా పోనే పోదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకంటే ఈ సంగతి నాకు ముందే తెలియాలి. చిన్నప్పుడు చేనుకు నీళ్లు తీసుకుపోయే సొరకాయ బుర్రను కడగమంటే, ఉప్పునీళ్లు పోసి వంపేసేదాన్ని. మర్నాడు మళ్లీ అదే వాసన. అమ్మ పుల్లతో లోపలి జిగురు గీకి చూపించేది. "నీళ్లు పోస్తే పోతదానే? పట్టుకొని కూసుంటది అది!" అని గుప్పెడు గులకరాళ్లు, వడ్లపొట్టు వేసి, చేతులు నొప్పిపుట్టేదాకా ఆడించేది. రోజూ అదే పని, ఒక్కనాడూ మానేది కాదు.

మర్నాడు చాచా ముందు కూర్చున్నాను. "ఇయ్యాల రక్తం వస్తది చాచా. రావాలె. నువ్వు అటు తిరుగు" అన్నాను. డాక్టరమ్మ పక్కనే నిలబడి చూపించినట్టు ఆ పొరనంతా గీకాను. ఆ బాక్టీరియా మళ్లీ గుంపు కట్టకముందే మందు వేశాను. రోజూ అంతే, ఎంత బతిమాలినా వినలేదు. నాలుగో రోజుకు అడుగున ఎర్రటి కొత్త కండ కనబడింది. వారం నిండాక డాక్టరమ్మ పుండును చాలాసేపు చూసి, "పాదం ఉంటుంది" అంది. అబ్బ, ఆ క్షణం వార్డంతా వినబడేలా కేక పెట్టాలనిపించింది!

పుండు పూర్తిగా మానాక, అమ్మను జాకెట్టు కుట్టించుకోవడానికి చాచా కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన నన్ను చూపిస్తూ, "ఈ కాలు నీ బిడ్డ నిలబెట్టిందే అమ్మా" అన్నాడు. అమ్మ వంగి ఆ పాదాన్ని చూసింది. నా వైపు తిరిగి, "ఏం జేసినవే?" అంది.

"బుర్ర తోమినట్టు తోమిన."

"అవ్, మరి! నేను నేర్పిందే గదా" అంది అమ్మ, కొట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. చాచా నవ్వి మిషను తొక్కాడు, కుడికాలితోనే.